నడినీళ్ళలో నక్కలదిన్నె

జిల్లా ఆఫీసర్లు ఇంట్లో మంచం మీద కూర్చుని ఊళ్ళు తనిఖీ చేస్తున్నారన్న సంగతి పైవాళ్ళకు తెలిసిపోయింది. తెలుసుకోవడానికి పెద్ద పరిశోధనేమీ జరగలేదు. ఒక ఆఫీసరు వేసవిలో ఒక వంతెనను తనిఖీ చేసి 'పటిష్ఠంగా ఉన్నది' అని రాశాడు. ఆ వంతెన అంతకు ముందు వానాకాలంలోనే కొట్టుకుపోయింది. జనం నవ్వారు. పైవాళ్ళకు ఒళ్ళు మండింది. వంతెన పోయినందుకు కాదు, జనం నవ్వినందుకు.

దాంతో జిల్లాకు కరెంటు కార్లు దిగాయి. తెల్లవి, చప్పుడు లేనివి. స్టీరింగు పక్కన పలక అంత తెర. తెర మీద మ్యాపు, మ్యాపులో నీలం బాణం. ఆ బాణమే కారు. ఫలానా ఊరికి పోవాలంటే చాలు, లోపలి నుంచి ఒక ఆడగొంతు అచ్చు పుస్తకాల తెలుగులో దారి చెబుతుంది. కార్ల వెనకాలే ఉత్తర్వు కూడా దిగింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఇకమీదట సదరు వాహనపు తెర యే స్థలమును చూపునో ఆ స్థలమే స్థలముగా పరిగణించవలెను. తెర చూపని స్థలమున జరిగిన తనిఖీ జరగనిదిగా భావించబడును. తెర చెప్పిన మార్గము నుండి తప్పుకొనిన డ్రైవరు మార్గోల్లంఘన నేరమునకు బాధ్యుడగును."

ఆఫీసరు కళ్ళతో చూసింది ఇక చెల్లదన్న మాట. కళ్ళు అబద్ధం ఆడతాయని వంతెన దగ్గర తేలిపోయింది కదా.

ఈ ఉత్తర్వు సంగతి బాలకోటమ్మకు తెలియదు. ఆమె కొత్త నక్కలదిన్నె సర్పంచి. పాత నక్కలదిన్నె ఇప్పుడు రిజర్వాయరు అడుగున ఉంది. ఆనకట్ట కట్టినప్పుడు ఊరు ఊరంతటినీ లారీల్లో ఎక్కించి, గుట్ట కింద రాళ్ళనేలలో కాలనీ కట్టి అక్కడ దించారు. కాలనీలో బోరు వేస్తే వచ్చేవి ఫ్లోరైడు కలిసిన ఉప్పునీళ్ళు. అవి తాగిన వాళ్ళకు నడివయసులోనే మోకాళ్ళు వంగిపోతున్నాయి. గుమ్మంలో నిలబడితే రిజర్వాయరు నిండా నీళ్ళు కనపడతాయి, కుండలో చుక్క ఉండదు. రిజర్వాయరు నుంచి కాలనీకి పైపులైను వేసే పథకం అన్ని బల్లలూ దాటి వచ్చి ఒకే ఒక్క చోట ఆగింది. తాగునీటి శాఖ డీఈ వచ్చి ఊరు చూసి సంతకం పెట్టాలి. ఈ ఏడు సంతకం కాకపోతే పథకాన్నే మూసేస్తారు.

బాలకోటమ్మకు ఇంట్లో ఇంకో గొడవ కూడా ఉంది. కోడలు భూలక్ష్మి పురిటికి పుట్టింటికి పోయి ఆడపిల్లను కని అక్కడే కూర్చుంది. "పంపు వచ్చినాక కబురు పెట్టత్తా, వస్తా. ఆ నీళ్ళు నా బిడ్డకి పట్టను," అని తెగేసి చెప్పింది. బాలకోటమ్మ కోడల్ని ఒక్క మాట అనలేదు. కోడలి చోట తనున్నా అదే మాట అనేది. కానీ మనవరాలిని పురిట్లో చూసిందే, మళ్ళీ చూడలేదు. పిల్ల మెడ నిలబెడుతోందని ఫోన్లో వినడమే.

అందుకే డీఈ పరాంకుశరావు వస్తానంటే ఆమె నమ్మలేదు. తెల్లారగానే బస్సెక్కి టౌనులోని జిల్లా ఆఫీసుకు పోయి, ఆయన ఎక్కకముందే కారెక్కి కూర్చుంది.

డ్రైవరు మస్తాన్ తెరకు ఊరి పేరు చెప్పాడు. "నక్కలదిన్నెకు మార్గం కనుగొనబడింది," అంది తెర.

"చూశావా అమ్మా, ఎంత మర్యాదో," అన్నాడు డీఈ.

టౌను దాటి, పొగాకు చేలు దాటి, మూడు దార్ల కూడలి దాకా కారు చక్కగానే పోయింది. అక్కడ కుడి పక్క 'కొత్త నక్కలదిన్నె' అని ఇనప బోర్డు ఉంది. "ఎడమవైపు తిరగండి," అంది తెర. మస్తాన్ ఎడమకు తిప్పాడు.

"అబ్బాయ్, యాడికి పోతన్నావు? కుడి పక్కకి గదా. బోర్డు ఉండాది కనపళ్ళా?"

"బోర్డుకేం తెలుసు సర్పంచమ్మా, ఒకచోట పాతితే అక్కడే పడుంటది. మేడమ్ ఆకాశంలోంచి చూసి చెప్తది," అన్నాడు మస్తాన్. తెరను అతను మేడమ్ అనే అంటాడు. దాని యాంటెన్నాకు రోజూ పసుపు పూసి పూలదండ వేస్తాడు. మేడమ్ మాట దాటిన ఇద్దరు డ్రైవర్లు అప్పటికే సస్పెండయ్యారు.

"మేడమ్ చెప్పినట్టే పోనీ," అన్నాడు డీఈ వెనక నుంచి.

తారు పోయి కంకర వచ్చింది. కంకర పోయి ముళ్ళకంప వచ్చింది. అది పాత ఊరికి పోయే పాత రోడ్డు. దిగుతూ దిగుతూ పోయి, చివరికి రిజర్వాయరులోకి దిగింది. ముందు చక్రాలు తడిశాక మస్తాన్ బ్రేకు మీద నిలబడ్డాడు.

"తిన్నగా ముందుకు సాగండి," అంది మేడమ్.

"సార్, ఆగితే అకారణ నిలుపుదల పడుద్ది నాకు. ఏం చెయ్యమంటారు?"

డీఈ అద్దం దించి నీళ్ళకేసి చూశాడు. "ఊరెక్కడమ్మా?"

"నీళ్ళ కింద. మీవాళ్ళే ముంచారు గదయ్యా."

"మావాళ్ళు కాదు. అది నీటిపారుదల. మాది తాగునీరు."

"రెండూ నీళ్ళే గదా."

"నీళ్ళు ఒకటే. శాఖలు వేరు."

బాలకోటమ్మ కారు దిగి, చెయ్యి చాపి గుట్ట వైపు చూపించింది. తెల్లటి ఇళ్ళు, పొయ్యిల పొగ, దండెం మీద బట్టలు. "అదిగో నా ఊరు. కనపడతందా?"

"కనపడుతోంది. కానీ చూసినట్టు కాదు," అన్నాడు డీఈ విచారంగా.

"తిప్పు బండి," అంది ఆమె మస్తాన్‌తో.

"తిప్పితే ఉల్లంఘనమ్మా."

"తిప్పకుండా వెనక్కి నడుపు. వెనక్కి నడపబాక అని ఉత్తర్వులో ఉందా?"

లేదు. మస్తాన్ మనసులో ఉత్తర్వు అంతా చదువుకుని చూశాడు, ఎక్కడా లేదు. కారు ముఖం రిజర్వాయరు వైపే ఉంచి, వీపుతో ముళ్ళకంప ఎక్కి, వీపుతో కూడలి దాటి, వీపుతోనే కాలనీలోకి వచ్చింది. దారి పొడుగునా మేడమ్ "మార్గం తిరిగి లెక్కించబడుతోంది" అని గోల పెడుతూనే ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆఫీసర్లు తమకు వీపు చూపించడం వాళ్ళకు తెలుసు గానీ, ఇంత దూరం నుంచి చూపిస్తూ రావడం తెలియదు.

కాలనీ నడిబొడ్డున కారు ఆగింది. తెర బూడిద రంగయిపోయింది. 'గుర్తించబడని ప్రదేశం' అని చూపించింది. డీఈ తలుపు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దిగండయ్యా," అంది బాలకోటమ్మ.

"ఎక్కడ దిగమంటావు? ఇక్కడ దిగితే నేను ఎక్కడ దిగినట్టు? రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పాలి?"

"మా ఊళ్ళో దిగానని చెప్పండి."

"ఊరుంటే చెప్పనా?"

ఒక ముసలామె గ్లాసులో బోరునీళ్ళు తెచ్చి కిటికీలోంచి చాపింది. తాగి చూస్తే తెలుస్తుందని ఆమె ఆశ. డీఈ చేతులు జోడించాడు. లేని ఊళ్ళో నీళ్ళు ఎలా తాగుతాడు. ఇంతలో మస్తాన్ కంగారుపడ్డాడు. అంత దూరం వెనక్కి నడిచేసరికి కారులో చార్జింగు అడుగంటింది. అంగన్‌వాడీ నుంచి తీగ లాగితే తప్ప కదలదు. లేని ఊళ్ళో కరెంటు ఎక్కించుకోవచ్చా అన్నది డీఈ చాలాసేపు ఆలోచించి, అత్యవసర మినహాయింపు కింద ఒప్పుకున్నాడు.

"నువ్వు దిగవు, మా నీళ్ళు తాగవు. నీ కారు మాత్రం మా కరెంటు తాగుద్ది," అంది ముసలామె. గ్లాసులోని నీళ్ళు కారు చక్రం మీద పోసి పోయింది.

కారుకు జబ్బు చేసిందని జిల్లా ఆఫీసులో తేల్చారు. తయారు చేసిన కంపెనీ నుంచి సర్వీసు ఇంజనీరు ఫణిభూషణ్ వచ్చాడు. ఆఫీసు ఆవరణలో కారు చుట్టూ జనం మూగారు. బాలకోటమ్మ వచ్చి ముందు వరసలో నిలబడింది.

"ముందు ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి," అన్నాడు ఫణి. చేశారు. నక్కలదిన్నె నీళ్ళలోనే ఉంది. యాంటెన్నా మీద పసుపు తుడిచాడు. మస్తాన్ కళ్ళు తుడుచుకున్నాడు. నక్కలదిన్నె నీళ్ళలోనే ఉంది. నెత్తిన ఆకాశం తేటగా ఉండాలి, చెట్టు కింది నుంచి కారు పక్కకు తియ్యమన్నాడు ఫణి. కారు తీస్తే స్థల మార్పిడికి అనుమతి కావాలి కాబట్టి ఆఫీసు వాళ్ళు చెట్టు కొట్టేశారు. అయినా ఊరు నీళ్ళలోనే ఉంది. చివరికి ఫ్యాక్టరీ రీసెట్ అని ఏదో నొక్కాడు. కారు తను ఇంకా ఫ్యాక్టరీలోనే ఉన్నాననుకుంది. అనుమతి లేకుండా పక్క రాష్ట్రానికి ఎందుకు వెళ్ళావో చెప్పమని ఆ సాయంత్రమే మస్తాన్‌కు మెమో వచ్చింది.

మర్నాడు ఫణి బాణాన్ని మళ్ళీ టౌనుకు తెచ్చి, చేతులు దులుపుకుని ఉన్న మాట చెప్పేశాడు. "దీనికి జబ్బేం లేదు సార్. మ్యాపు పాతది, ఊరు మునగక ముందు గీసింది. కొత్త మ్యాపు ఎక్కిస్తే సరిపోద్ది."

ఆ మాట విన్నది జిల్లా స్థల నిర్ధారణాధికారి సుదక్షిణామూర్తి. ఈ కార్ల కోసమే ఆ పదవి పుట్టించారు. ఆయన ఇంట్లో భార్యతో కూడా ఉత్తర్వు భాషలోనే మాట్లాడతాడని ప్రతీతి.

"తక్షణము ఎక్కించుడు," అన్నాడాయన.

"ఎక్కించాలంటే ఆ ఊరు అక్కడ ఉందని మీరు ధ్రువీకరించాలి సార్."

"ధ్రువీకరింపవలెనన్న తనిఖీ జరగవలెను."

"జరిపించండి సార్."

"తనిఖీ చెల్లవలెనన్న తెర మీద ఊరు కనబడవలెను."

"కనబడాలంటే కొత్త మ్యాపు ఎక్కించాలి సార్."

అక్కడ ఆగి అందరూ టీ తాగారు. టీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నారు. అప్పుడు కూడా అక్కడికే వచ్చింది.

బాలకోటమ్మ ఓపిక అయిపోయింది. "నేనున్నా గదయ్యా. ఆ ఊరి సర్పంచిని. ఓట్లేయించారు, గెలిచానని కాగితమిచ్చారు. ఊరే లేకపోతే నేనెట్టా ఉన్నా?"

"మీరున్నారు. అది మేము నిరాకరించుట లేదు," అన్నాడు సుదక్షిణామూర్తి. "మీరు ఎచ్చట ఉన్నారన్నదే పరిశీలనలో ఉన్నది. అమ్మా, తప్పు మీ గ్రామముది. మా విభాగమునకు పూర్వ సమాచారము లేకుండా గ్రామము తన స్థానము నుండి కదిలినది."

"మేం కదల్లా. లారీలు తెచ్చి మీరు కదిలించారు."

"కదలుటకును కదిలింపబడుటకును తెర మీద భేదము కనబడదు."

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఊరు వెనక్కి పోయి తన పాత చోట కూర్చుంటే సమస్య ఉండదు. అయితే దానికి ఆనకట్ట తెంచాలి. అది వేరే శాఖ. మిగిలింది ఒక్కటే. తెర ఊరిని ఎక్కడ చూపిస్తుందో కారే అక్కడికి పోవాలి.

"నీళ్ళలోకా సార్?" అన్నాడు మస్తాన్.

"నీళ్ళ మీదికి," అన్నాడు సుదక్షిణామూర్తి.

రేవులో లారీలను ఆవలి ఒడ్డుకు దాటించే బల్లకట్టు ఉంది. దాని మీదికి కారెక్కించి, చక్రాలకు దుంగలు పెట్టి, మోకులతో కట్టారు. అందరికీ నారింజ రంగు ప్రాణరక్షక జాకెట్లు తొడిగారు. మస్తాన్ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు, డ్రైవరు లేకుండా వాహనం కదలకూడదు కాబట్టి. వెనక సీట్లో డీఈ, ముందు సీట్లో బాలకోటమ్మ, డీఈ పక్కన ఒళ్ళో పెట్టెతో ఫణి. బల్లకట్టు నడినీళ్ళకు బయల్దేరింది. కారు ముఖం ఇప్పుడు సరైన వైపే ఉంది. మేడమ్ గొంతులో సంతోషం ధ్వనించిందని మస్తాన్ తరవాత ప్రమాణం చేసి చెప్పాడు.

"మీరు నక్కలదిన్నెలో ప్రవేశించారు. రెండు వందల మీటర్లలో కుడివైపు తిరగండి. గానుగ బజారు."

బాలకోటమ్మ ఉలిక్కిపడింది. గానుగ బజారు. లారీలెక్కిన రోజు తరవాత ఆ పేరు ఎవరి నోటా వినలేదు. కాలనీలో బజార్లకు పేర్లు లేవు, అంకెలే. ఆమె కాపురానికి వచ్చింది గానుగ బజారుకే. ఆమె మామ ఆ గానుగ పట్టె మీద కూర్చుని ఎద్దును తిట్టే తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఊరిని ముంచిన వాళ్ళు మర్చిపోయారు, మునిగిన వాళ్ళు కూడా మర్చిపోతున్నారు. ఈ ముదనష్టపు పెట్టె ఒక్కటే మర్చిపోలేదు.

"మస్తానూ, కాస్త మెల్లగా పోనీ," అంది. "ఎడమ పక్క నాలుగో ఇల్లు మాదే."

స్టీరింగు తన చేతిలో ఉందే గానీ బల్లకట్టు తన చేతిలో లేదని మస్తాన్ చెప్పలేదు. ఊరికే తల ఊపాడు. బాలకోటమ్మ కిటికీలోంచి వంగి పచ్చటి నీళ్ళకేసి చూసింది. ఏమీ కనపడలేదు.

"మీ గమ్యస్థానం చేరుకున్నారు," అంది మేడమ్.

డీఈ కలం తీశాడు. గాలికి బల్లకట్టు జరిగింది. బాణం బజారులోంచి పక్క వరిచేలోకి పోయింది. డీఈ కలం దించాడు. బాణం మళ్ళీ ఊళ్ళోకి వచ్చింది. కలం ఎత్తాడు, బాణం వాగులో పడింది. ఇలా కాదని ఫణి తెర మీద ఏదో నొక్కి, బాణాన్ని గానుగ బజారులో నిలబెట్టి తాళం వేశాడు. ఇక బల్లకట్టు ఎటు పోయినా బాణం కదలదు.

అప్పుడు డీఈ తన జన్మలో ఎన్నడూ చేయనంత శ్రద్ధగా తనిఖీ చేశాడు. పొడుగాటి గెడ దించి లోతు చూశాడు. అడుగు తగల్లేదు. సీసాలో నీళ్ళు పట్టి, వాసన చూసి, గుక్కెడు తాగాడు. తియ్యగా ఉన్నాయి. కారు బానెట్టు మీద కాగితం పెట్టి గట్టిగా చదువుతూ రాశాడు.

"గ్రామమును స్వయముగా సందర్శించితిని. ప్రతి గృహమునకు నూరు శాతము నీరు అందినది. పైకప్పు వరకు అందినది. రేయింబవళ్ళు నిరంతర సరఫరా కలదు. నీటి నాణ్యత సంతృప్తికరము. ఎవరును ఫిర్యాదు చేయలేదు."

"అయ్యా, అవి నీళ్ళు అందిన ఇళ్ళు కాదు. మునిగిన ఇళ్ళు," అంది బాలకోటమ్మ.

"అమ్మా, మా నమూనాలో రెండే గళ్ళున్నాయి. నీరు అందినవి, అందనివి. మునిగినవి అనే గడి లేదు. మరి అందలేదని ఎలా రాయను? నువ్వే చూడు," అన్నాడు డీఈ. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

పైపులైను రద్దయింది. తాగునీటి సమస్య శాశ్వతంగా తీరిన ఊరికి పైపు దేనికి. పైగా నక్కలదిన్నెను 'జలసమృద్ధ ఆదర్శ గ్రామం'గా ఎంపిక చేసి బాలకోటమ్మకు ఇత్తడి షీల్డు పంపించారు. ఉప్పునీళ్ళ బిందె మీద మూత లేదు. ఆమె ఆ షీల్డు దాని మీద బోర్లించింది.

భూలక్ష్మి ఫోన్ చేసింది. "అత్తా, అవార్డు వచ్చిందంట గదా, పేపర్లో వేశారు. పంపు వచ్చిందా?"

"రాలా."

"అయితే ఆ అవార్డుకే ఉగ్గు పెట్టుకో," అని పెట్టేసింది.

బాలకోటమ్మ ఆ కోపంతోనే బస్సెక్కింది. షీల్డు డీఈ బల్ల మీద విసిరికొట్టాలని చీర కొంగులో చుట్టుకుని మరీ తెచ్చింది. జిల్లా ఆఫీసు గేటు దాటగానే కాళ్ళు ఆగిపోయాయి. ఆవరణలో కరెంటు కారు. కారు పక్కన కుర్చీ. కుర్చీలో మస్తాన్, ఎర్రటి ఎండలో నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని చెమటలు కారుస్తూ కూర్చున్నాడు. టీ పట్టుకొచ్చిన బంట్రోతుకూ అదే జాకెట్టు.

"ఇదేంది మస్తానూ, వేషం?"

"తాళం ఊడట్లేదమ్మా. ఏ చోట వేశారో ఆ చోటకే పోయి తియ్యాలంట. రిజర్వాయరులో నీళ్ళు తగ్గినయ్, బల్లకట్టు ఆడదు. అందుకని నేను యాడున్నా బాణం గానుగ బజారులోనే ఉంటంది. రికార్డు ప్రకారం నేను ఆ రోజు నుంచి నీళ్ళలోనే ఉన్నా." అతను జేబులోంచి సుదక్షిణామూర్తి ఉత్తర్వు తీసి చూపించాడు. వాహనము జలాశయ మధ్యమున ఉన్నందున, దానిని సమీపించు సిబ్బంది యావన్మందియు ప్రాణరక్షక కవచము ధరించవలెను.

బాలకోటమ్మ కారులోకి తొంగి తెర చూసింది. నిజమే. నీలం బాణం గానుగ బజారులో, తన ఇంటికి నాలుగు అడుగుల్లో ఉంది.

"ఈ తెర చూపించిందే చోటు గదా?"

"ఉత్తర్వు అదే గదమ్మా."

"అయితే ఈ ఆఫీసు మా బజార్లో ఉన్నట్టేనా?"

మస్తాన్ బుర్ర గోక్కున్నాడు. "రికార్డు ప్రకారం అంతే."

"మా బజార్లో కూకుని, నన్ను గేటు బయట నిలబెట్టి, నా చేత అర్జీలు రాయించుకుంటన్నారా మీరు," అంది బాలకోటమ్మ. షీల్డు విసరలేదు. మళ్ళీ కొంగులో చుట్టుకుని వెనక్కి పోయింది.

మర్నాడు పొద్దున ట్రాక్టర్లు వచ్చాయి. కొత్త నక్కలదిన్నె మొత్తం దిగింది. బిందెలు, చాపలు, మేకలు, మోకాళ్ళు వంగిన ముసలివాళ్ళు. జనం నేరుగా పోయి ఆఫీసులో ఆఫీసర్ల కోసం పెట్టిన మంచినీళ్ళ యంత్రం ముందు వరసకట్టారు. బీరువాలకు తాడు కట్టి బట్టలారేశారు. మేకలు పాత ఫైళ్ళ దగ్గర ఆగాయి. డీఈ గదిలో పెద్దవాళ్ళు గ్రామసభ పెట్టి, డీఈని కాస్త పక్కకు జరిగి కూర్చోమన్నారు.

సుదక్షిణామూర్తి జాకెట్టు తొడుక్కుని బయటికొచ్చాడు. "ఏమిది? ఇది ప్రభుత్వ కార్యాలయము."

"కార్యాలయం గావచ్చు. ఊరు మాది," అంది బాలకోటమ్మ. "తెర చూసుకో."

పోలీసులను పిలిచారు. ఎస్సై వచ్చి ఫిర్యాదు రాసివ్వమన్నాడు. సుదక్షిణామూర్తి కాగితం తీసుకుని 'స్థలము' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. జిల్లా ఆఫీసు అని రాస్తే తెర అబద్ధమని ఒప్పుకున్నట్టు. తెర అబద్ధమైతే ఇన్నాళ్ళ తనిఖీలన్నీ, అవార్డులతో సహా, తన పదవితో సహా అబద్ధం. నక్కలదిన్నె అని రాస్తే వీళ్ళు తమ ఊళ్ళో తామున్నారు. ఎస్సై కాసేపు చూసి, యంత్రం దగ్గర వరసలో నిలబడి చల్లటి నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా సుదక్షిణామూర్తి తలుపేసుకుని పాత ఉత్తర్వులు తిరగేశాడు. తలుపు తీసేసరికి ముఖం వెలిగిపోతోంది. చిక్కు విడిపోయింది. కార్యాలయము నక్కలదిన్నెలో ఉన్నది. నక్కలదిన్నె ముంపు గ్రామము. ముంపు గ్రామములోని ప్రభుత్వ ఆస్తులను పునరావాస కేంద్రమునకు తరలించవలెనని చట్టమే చెప్పుచున్నది. కావున కార్యాలయమును సిబ్బందితో సహా కొత్త నక్కలదిన్నెకు తరలించడమైనది. కొత్త నక్కలదిన్నె తెరలో లేకపోయినా పునరావాస శాఖ దస్త్రాల్లో ఉంది. తరలించడానికి అది చాలు. అక్కడికి పోయి నీళ్ళివ్వడానికే చాలలేదు.

లారీలు వచ్చాయి. గుమాస్తాలు ఏడుస్తూ ఎక్కారు. ఒకాయన తన కుర్చీని కౌగిలించుకుని రానన్నాడు, కుర్చీతో సహా ఎక్కించారు. కాలనీలో జనం ఎదురొచ్చి సామాను దించి సర్దిపెట్టారు. వాళ్ళకు అలవాటున్న పనే. ఆఫీసు సమాజ మందిరంలో పెట్టారు, డీఈకి అంకెల బజారులో ఒక ఇల్లిచ్చారు. కారును ఆఫీసు ముందు నిలిపారు.

డీఈ పరాంకుశరావు మొదటిసారి కాలనీలో నేల మీద కాలు పెట్టాడు. మొదటి గ్లాసు బోరునీళ్ళు తాగాడు. ముఖం అదోలా పెట్టాడు. "ఇవి తాగుతారా మీరు?"

"లేని ఊరి నీళ్ళు గదయ్యా. రుచి అట్టనే ఉంటది," అంది చక్రం మీద నీళ్ళు పోసిన ముసలామె.

మొదటి వారంలోనే డీఈ కడుపు పట్టుకుని మంచమెక్కాడు. ఆయన భార్య వచ్చి, నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసి, ఆ పూటే తిరుగు బస్సెక్కింది. ఒక్క సంతకం దగ్గర ఆగి రద్దయిపోయిన పైపులైను, 'కార్యాలయ సిబ్బంది అత్యవసర సౌకర్యం' అన్న పేరుతో కొత్తగా పుట్టి పరుగెత్తుకుంటూ వచ్చింది. దానికి తనిఖీ కూడా అక్కర్లేకపోయింది. సిబ్బందికి నీళ్ళు అందలేదని సిబ్బందికే తెలుసు.

ఆఫీసు ముందు పంపు పెట్టారు. 'సిబ్బందికి మాత్రమే' అని బోర్డు కట్టబోతే బాలకోటమ్మ ఆపింది. "ఎవరు సిబ్బంది, ఎవరు జనం? తెర ప్రకారం అందరం గానుగ బజారోళ్ళమే. డీఈ గారూ, బిందె తెచ్చుకుని నా వెనక నిలబడండి."

కబురు పోయింది. భూలక్ష్మి బిడ్డనెత్తుకుని బస్సు దిగింది. ఎవర్నీ పలకరించకుండా నేరుగా పంపు దగ్గరికి పోయి, దోసిట్లో పట్టి తాగి, ఇంకో దోసెడు తాగి, అప్పుడు బిడ్డను అత్త చేతుల్లో పెట్టింది.

ఫణిభూషణ్ పెట్టె పట్టుకుని మళ్ళీ వచ్చింది ఆ రోజుల్లోనే. బాలకోటమ్మ మనవరాలిని చంకనేసుకుని పంపు దగ్గర బిందె కడుగుతోంది.

"తాళానికి వేరే మార్గం దొరికిందమ్మా. బల్లకట్టు అక్కర్లేదు. తీసేసి కొత్త మ్యాపు ఎక్కిస్తా. బాణం సరిగ్గా చూపిస్తది," అన్నాడు ఉత్సాహంగా.

"కొత్త మ్యాపులో మేం యాడున్నాం?"

ఫణి తన చేతిలోని తెర చూసుకున్నాడు. గొంతు తగ్గింది. "డీఈ గారి తనిఖీ రిపోర్టు చూసి గీశారమ్మా. ఊరు రిజర్వాయరులోనే ఉంది. ఇక్కడ... బూడిద రంగే."

"అంటే నువ్వు బాగు చేస్తే, ఈ ఆఫీసు లేని చోట ఉన్నట్టు."

"అంతే."

"ఆఫీసు టౌనుకి పోద్ది. ఈ పంపు లేని ఊళ్ళో పంపవుద్ది. పీకేస్తారు."

బాలకోటమ్మ బిందె దించి, గ్లాసు నిండా నీళ్ళు పట్టి అతని చేతికిచ్చింది. తర్వాత మనవరాలిని కారు ముందు సీట్లో నిలబెట్టి రెండు చేతులా పట్టుకుంది. పిల్ల వెలిగే తెర మీద అరచేతులు వేసి కొట్టింది.

"ఆ పెట్టె ఇప్పుడేం చూపిస్తంది?"

"నక్కలదిన్నె."

"కారు యాడుంది?"

ఫణి చుట్టూ చూశాడు. పంపు దగ్గర వరస, వరసలో ఖాళీ బిందెతో డీఈ, సమాజ మందిరం గోడకు ఆరేసిన చీరలు. "నక్కలదిన్నెలోనే ఉంది," అన్నాడు.

"మరింక చెడిపోయిందేందయ్యా, బాగుచెయ్యడానికి?"

ఫణి నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు అడిగి తాగాడు. పెట్టె తెరవకుండానే బస్సు కోసం నడిచాడు. మస్తాన్ అతన్ని కూడలి దాకా సాగనంపాడు, కాలి నడకనే, నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని. దాన్ని విప్పమని ఉత్తర్వు ఇంకా రాలేదు.